జిలెటిన్ పెట్టెలో వచ్చిన కుక్క

కూబర్ పీడీ
9 ఫిబ్రవరి 1986

అక్కా,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన వాల్‌నట్ రొట్టె మొన్న చేరింది. రాయిలా ఉంది. రంపంతో కోసుకుని తిన్నాను, రుచి మాత్రం అమ్మ చేసినట్టే ఉంది. పాచ్ కూడా తిన్నాడు.

రొట్టె కింద దాచిన ఉత్తరమూ చదివాను. మళ్లీ అదే పాట. నీకు అరవై ఒకటి వచ్చాయి, గనిలో పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నావు, తవ్వింది చాలు, టాస్మేనియా వచ్చి నా దగ్గరుండు అని. పన్నెండేళ్లుగా రాస్తున్నావు. బావ ఉన్నప్పుడు, మొగుడూ పెళ్లాల మధ్య నాకేం పని అన్నాను. ఆంతె బావ పోయి రెండేళ్లయింది కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు, ఒప్పుకుంటాను. ఇంకోటుంది. పాచ్‌కి పదకొండేళ్లు. కుక్కని బస్సులో ఎక్కించుకోరు. నా ట్రక్కు పోర్ట్ అగస్టా దాటదు. దాటినా మధ్యలో సముద్రం. యాభై ఆరులో మన దేశం నుంచి ఇక్కడికి వస్తూ ఎక్కిన ఓడ నాకు ఈ జన్మకి సరిపోయింది. కుక్కని వదిలి నేను రాను. కాబట్టి ఆ విషయం ఇంతటితో సరి. మళ్లీ ఎత్తావంటే ఏడాది దాకా ఉత్తరం ముక్క ఉండదు. పోయినసారి ఏడు నెలలు రాయలేదు, గుర్తుందిగా.

పైన నలభై నాలుగు డిగ్రీలు. భూమి లోపల మా ఇంట్లో చల్లగా ఉంది. గనిలో ఈ నెలంతా పాచ్ తప్ప ఏమీ పడలేదు. కుక్క కాదు, ఓపల్ లాంటిదే గానీ రంగులేని ఉత్త రాయి. ఇక్కడ దాన్ని పాచ్ అనే అంటారు. గుంటలో దొరికిన కుక్కపిల్లకి ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే కదా, ఇంకెవర్ని తిట్టను.

ఫోన్ చెయ్యమని అడక్కు. ఫోన్ కొట్లో ఉంది. నువ్వు మొదటి నిమిషంలోనే ఏడుస్తావు, నా వెనక నలుగురు నించుని వింటారు.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
20 ఫిబ్రవరి

ఒరేయ్ తమ్ముడూ,

సరే. ఆ విషయం ఎత్తను. నీ రాక గురించి ఇందులో గానీ ఇకముందు గానీ ఒక్క ముక్క రాయను. ఒట్టు.

కుక్క గురించి రాస్తాను. అది ఎత్తద్దని నువ్వు అనలేదు.

మా ఊరి పశువుల డాక్టరమ్మ హెస్లాప్‌ని అడిగాను. కుక్కలు ఎప్పట్నించో విమానాల్లో తిరుగుతున్నాయట. సామాను అరలో పెడతారు గానీ, అక్కడా మనుషులకున్నట్టే గాలీ వెచ్చదనమూ ఉంటాయట. పెట్టె మాత్రం సరైనది కావాలి. లోపల అది తల వంచకుండా నిలబడాలి, గుండ్రంగా తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. నాలుగు పక్కలా గాలి రంధ్రాలుండాలి. ప్రయాణం నాడు పెట్టె తెచ్చి అందులోకి తోసేస్తే కుదరదు. మూడు వారాల ముందునుంచే తలుపు తీసి ఇంట్లో పెట్టి, అందులోనే తిండి పెట్టాలి. అది జైలు కాదు, తన గది అనుకోవాలి. నిద్రమందు ఇవ్వకూడదు. మత్తులో ఉన్న కుక్క విమానం ఊగితే కాళ్లు నిలదొక్కుకోలేదు, ఊపిరి కూడా సరిగ్గా అందదట. మీ ఊళ్లో అన్నిటికీ ప్లమ్ సారాయే మందు కాబట్టి ముందే చెబుతున్నాను, అదీ వద్దు. తిండి తేలిగ్గా పెట్టాలి. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఎక్కించేటప్పుడు ఒలకవు, దారిలో కరుగుతాయి. పెట్టెలో దానికి అలవాటైన మనిషి తొడుక్కున్న బట్ట వెయ్యాలి, ఉతక్కుండా. ఈ దీవినిండా గొర్రెలు కాబట్టి, పురుగుల మాత్ర వేయించిన కాగితం ఉంటేగానీ కుక్కని రానివ్వరు.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందిరా. తలుపు చప్పుడైతే తల తిప్పి చూసేవాళ్లు లేరు. నది ఒడ్డుకి నడకకి ఒక్కదాన్నే పోతున్నాను. తేదీ రాస్తే హోబర్ట్ విమానాశ్రయానికి నేనే వస్తాను.

ఇంకేం రాయను. ఒట్టు పెట్టుకున్నాను కదా.

అక్క నెవెంక


కూబర్ పీడీ
4 మార్చి

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి పక్క గని లెఫ్టెరిస్‌కి చదివి వినిపించాను. గ్రీకువాడైనా కాస్త బుర్ర ఉంది. "ఇందులో అర్థం కానిదేముంది? మీ అక్క ఒంటరిగా ఉంది. ఇంట్లో మొరిగే ప్రాణం ఒకటి కావాలంటోంది" అన్నాడు. నాలుగోసారి చదివితే నాకూ అలాగే కనిపించింది.

నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే. అత్తిపండు కావాలంటే అడిగేదానివి కాదు, చెట్టు బాగుందే అనేదానివి. నేను ఎక్కి కోసిచ్చేవాణ్ణి.

నువ్వు అడిగింది చిన్నది కాదక్కా. రెండు రోజులు గనిలోకి దిగలేదు. కానీ ఇన్నేళ్లలో నన్ను తిట్టావు, పోరుపెట్టావు, స్వెట్టర్లు అల్లి పంపావు, నీకోసమని మాత్రం ఏదీ అడగలేదు. కాదంటే నేనేం తమ్ముణ్ణి. మూడు వారాలు మమ్మల్నిద్దర్నీ ఇక్కడ ఇలాగే ఉండనీ. తర్వాత నువ్వన్నట్టే.

పెట్టె నేనే చేస్తాను. ఇక్కడ చెట్లే లేవు, కలప ఎక్కడిదంటావేమో. నా దగ్గరుంది, మంచి రకం.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
13 మార్చి

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఎదురింటి మెర్ల్ వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదమ్మా, వస్తున్నారు అన్నాను.

మొరిగే ప్రాణం అన్నాడా లెఫ్టెరిస్. నిన్ను బాగానే ఎరిగున్నాడు.

మాట నిలబెట్టుకుంటున్నాను చూడు, ఏమీ అనట్లేదు. నోరు జారితే నువ్వు మనసు మార్చుకుంటావేమోనని భయం. వెనక గదికి లేత పసుపు రంగు వేయించానని మాత్రం చెబుతాను. పెద్ద మంచం కొన్నాను, చలికి కరెంటు హీటరు, తలాపున దీపం. కిటికీ నది వైపు. ఇంతకన్నా రాయను.

అక్క


కూబర్ పీడీ
24 మార్చి

అక్కా,

మంచం ఎందుకే. వాడు గోనెసంచి మీద పడుకుంటాడు. దీపం మరీ విడ్డూరం, వాడేమైనా చదువుకుంటాడా. ఇలాగే ముద్దు చేసి చెడగొట్టకు.

పెట్టె అయిపోయింది. జిలెటిన్ కడ్డీలు వచ్చే చెక్కపెట్టెలు ఆరు విప్పి చేశాను. గట్టి కలప, ఎంత విసిరినా పగలదు. గాలి రంధ్రాలు గని డ్రిల్లుతో వేశాను కాబట్టి కొంచెం పెద్దవయ్యాయి. అలవాటు చెయ్యడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటివారం వాడు పెట్టె వంక చూడనే లేదు. నేను మోకాళ్ల మీద కూచుని తల లోపల పెడితే వెనకాలే వచ్చాడు. అప్పట్నుంచి రోజూ నా తల లోపలుంటేనే తిండి తింటున్నాడు. లెఫ్టెరిస్ చూసి, విమానం ఎక్కేది ఎవరు అని అడిగాడు.

పశువుల డాక్టరు పోర్ట్ అగస్టా నుంచి వచ్చినప్పుడు పురుగుల మాత్ర వేయించాను, కాగితం ఉంది. సారా పొయ్యలేదు. వాడి వంతు నేను తాగాను.

ఏప్రిల్ రెండు, బుధవారం. ఇక్కడ ఎండ ఎక్కకముందే విమానం లేస్తుంది. అడిలైడ్‌లో ఒకటి, మెల్‌బోర్న్‌లో ఒకటి మారి, సాయంత్రం అయిదుకి హోబర్ట్.

మాట ఇచ్చాను కాబట్టి చేస్తున్నాను. అంతకన్నా ఏమీ అడక్కు.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
3 ఏప్రిల్

జ్వోన్కో,

నిన్న బయల్దేరబోతుంటే నీ టెలిగ్రామ్ వచ్చింది. "ఇవాళ రావడం లేదు. పెట్టె చూసి పోలీసులు. వచ్చే బుధవారం." అంతే. ఏం చేశావురా? నిన్ను పట్టుకున్నారా? మీ ఊరి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎవరో నవ్వుతూ ఎత్తి, ఆ పెట్టె మనిషా అని ఇంకా నవ్వి, అంతా సర్దుకుందమ్మా అని పెట్టేశాడు. ఏం సర్దుకుంది? నేను ఉడికించిన క్యాబేజీ చుట్టలు మెర్ల్ వాళ్లు తింటున్నారు.

వెంటనే రాయి.

అక్క


కూబర్ పీడీ
3 ఏప్రిల్

అక్కా,

కంగారుపడకు. నిన్న తెల్లారకముందే పెట్టెతో విమానాల మైదానానికి వెళ్లాం. సామాను ఎక్కించేవాడు ఊరికి కొత్త. పెట్టె చుట్టూ తిరిగి చూసి, చేతులు పైకెత్తి పరుగు లంకించుకున్నాడు. నాకేం తెలుసు. పలకల మీద ఎర్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి: ప్రమాదం, పేలుడు పదార్థాలు, నిప్పుకి దూరం. ఇరవై తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో కుర్చీ మీదా బల్ల మీదా మంచం మీదా అవే అక్షరాలు. నా కంటికి అవి అక్షరాల్లాగే కనపడవు.

ప్రయాణికులందర్నీ దించేశారు. కానిస్టేబుల్ వచ్చాడు. లోపల్నుంచి పాచ్ మొరుగుతుంటే, పేలేది మొరగదు కదండీ అని నేను వాదించాను. తలుపు తీసి చూపించే లోపు విమానం ఆలస్యమైందని వెళ్లిపోయింది.

రంగు పూద్దామంటే ఆ వాసన వాడికి పడదు. కానిస్టేబులే సలహా చెప్పాడు. పలకలన్నీ విప్పి, అక్షరాలు లోపలికి వచ్చేలా తిప్పి కొట్టాను. పాచ్‌కి చదువు రాదు కాబట్టి ఇబ్బంది లేదు.

నిజం చెప్పనా, విమానం వెళ్లిపోతే సంతోషించాను. ఇంకో వారం దొరికింది.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
10 ఏప్రిల్, గురువారం

జ్వోన్కో,

ఎక్కడున్నావు?

నిన్న మెర్ల్ కారులో నాలుగింటికే హోబర్ట్ చేరాం. విమానం దిగింది. నేను గుమ్మం దగ్గర నించున్నాను. ఒక్కొక్కళ్లే బయటికి వచ్చారు. ప్రతి బట్టతలనీ చూశాను. చివర విమానం నడిపినవాళ్లు కూడా వచ్చేశారు. మెర్ల్ ధైర్యం చెప్పింది, కుక్క కోసం సామాన్ల షెడ్డుకి వెళ్లి ఉంటాడు, అక్కడ చూద్దాం పద అని.

షెడ్డులో పెట్టె ఉంది. నువ్వు లేవు. గుమాస్తాని "దీనితో వచ్చిన మనిషేడి?" అని అడిగాను. "మనిషి ఎవరూ లేరమ్మా, పెట్టె ఒక్కటే బుక్కయింది" అన్నాడు. పోలీసులు మళ్లీ పట్టుకున్నారేమో అనుకున్నాను. అడిలైడ్‌లో దిగి దారి తప్పావేమో, గుండెపోటేమో, ఎన్ని అనుకున్నానో. గుమాస్తా పాపం నాకు టీ ఇచ్చాడు.

కుక్క క్షేమం. కానీ పెట్టెలోంచి బయటికి రాలేదు. ఇంటికి తెచ్చినా రాలేదు. కింద పరిచిన గోధుమరంగు స్వెట్టర్ మీద ముక్కు పెట్టుకుని పడుకుంది. ఆ స్వెట్టర్ నేనే అల్లాను, డెబ్భై ఒకటిలో. మోచేతులు చిరిగిపోయాయి.

నువ్వు తర్వాతి విమానంలో వస్తున్నావా? నాకేమీ అర్థం కావట్లేదు.

అక్క


కూబర్ పీడీ
10 ఏప్రిల్

అక్కా,

ఈపాటికి వాడు నీ దగ్గరుంటాడు. కొన్ని సంగతులు చెప్పాలి. సాయంత్రం అయిదుకి తింటాడు, ఆలస్యమైతే గిన్నె తన్నుతాడు. ఎడమ చెవి వెనక గోకు, కుడివైపు పడదు. వాడు వాన ఎరగడు. జన్మలో నాలుగుసార్లు చూశాడేమో, మొదటిసారి చినుకు పడితే నా కాళ్ల మధ్య దూరతాడు. ఇప్పుడు నీ కాళ్ల మధ్య దూరతాడు, విదిలించకు. నీళ్లంటే గిన్నెలోవే తెలుసు, నది దగ్గర తాడు వదలకు.

పేరుతో పిలిస్తే పలకడు, ఈల వెయ్యాలి. నీకు ఈల రాదు. నేర్చుకో.

నాకు థాంక్స్ రాయకు, చిరాకు. నేను బాగానే ఉన్నాను. నిన్న రొట్టె తింటూ అంచు ముక్క అలవాటుగా కింద పడేశాను, కాసేపటికి నేనే తీసుకున్నాను. అంతే, ఇంకేం విశేషాలు లేవు.

వాడు నీకు తోడుగా ఉంటే చాలు.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
18 ఏప్రిల్

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరం వచ్చింది. రెండు వాక్యాలు చదివి ఆపేశాను. పాత ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మొదట్నుంచీ చదివాను. మంచం ఎందుకు, వాడు చదువుకుంటాడా అని రాశావు. వేళాకోళం అనుకుని పడీ పడీ నవ్వాను. మెర్ల్‌కి కూడా చదివి వినిపించాను. నువ్వు నిజంగానే కుక్క గురించి రాశావు.

ఒరేయ్, నేను కుక్కని అడగలేదురా. నాకు కుక్కలంటే భయం, నీకు తెలీదూ? చిన్నప్పుడు మన ఊళ్లో పాలవాడి కుక్క నన్ను కరిస్తే నన్ను వీపు మీద మోసుకొచ్చింది నువ్వే. కుక్క వస్తే నువ్వు వస్తావని కుక్క గురించి రాశాను. నిన్ను రమ్మంటే ఉత్తరాలు మానేస్తావని నిన్ను వదిలేసి మిగతా అంతా రాశాను. తెలివైన పని చేశాననుకున్నాను. ఆ మంచం నీకు. దీపం నీకు. పసుపు రంగు నీకు ఇష్టమని వేయించాను.

నీ ప్రాణంలాంటి కుక్కని, నేను అడిగాననుకుని, పెట్టెలో పెట్టి పంపించేశావు. అది తలచుకుంటే నీ మీద కోపం నిలవడం లేదు. రెండు రోజులుగా ఏడుస్తూనే ఉన్నాను.

కుక్క సరిగ్గా తినడం లేదు. డాక్టరమ్మ వచ్చి చూసింది. రోగమేమీ లేదు, ఎదురుచూస్తోంది అంది. పెట్టెని పసుపు గదిలో నీ మంచం పక్కన పెట్టాను. తలుపు తీసే ఉంది. తల మాత్రం బయటపెట్టి గుమ్మం వైపు చూస్తుంటుంది. అడుగు బయట పెట్టదు. ఈల నేర్చుకుంటున్నాను, గాలే వస్తోంది.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. రా. కావాలంటే ఏడాది కాదు, పదేళ్లు రాయకు. కానీ రా.

అక్క


కూబర్ పీడీ
29 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం ఈసారి లెఫ్టెరిస్‌కి వినిపించలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. నాలుగోసారి చదివినప్పుడు నాకు సగం అర్థమైంది. నువ్వు అడిగేది కుక్కని కాదేమోనని ఒక్క క్షణం అనిపించింది. కుక్కనే అనుకోవడం తేలిగ్గా ఉంది. కుక్కనైతే పెట్టె చేసి పంపచ్చు. అందుకే ఆ గ్రీకువాడి మాట పట్టుకున్నాను. పాచ్ వల్లే రావట్లేదని నీకు ఇన్నాళ్లూ చెప్పాను కదా. వాడు వెళ్లిపోయాడు, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. అప్పుడు తెలిసింది.

నాకు భయం అక్కా. ఓడలో అయిదు వారాలు చచ్చి బతికాను, దిగినప్పుడు ఎక్కడున్నానో తెలియలేదు. తర్వాత ఈ నేలలోకి దిగాను, మళ్లీ కదల్లేదు. నాలుగు పక్కలా రాయి ఉంటేనే నిద్రపడుతుంది. నీ దగ్గర కిటికీ ఉంది, నది ఉంది, చెట్లున్నాయి. అంత ఖాళీలో ఎలా పడుకోను? ఎవరి ఇల్లో అన్నట్టు ఉంటుంది. నవ్వకు.

వాడు తింటున్నాడా లేదా, అది ముందు రాయి.

జ్వోన్కో


న్యూ నార్ఫోక్
8 మే

తమ్ముడూ,

నవ్వలేదు.

తింటున్నాడు, కొంచెం. నేను నేల మీద మోకాళ్లు వేసుకుని తల పెట్టెలో పెడితే తింటున్నాడు. అరవై ఆరేళ్ల మనిషిని, మీ బావ ఆంతె చూస్తే ఏమనేవాడో. లోపల ఎర్ర అక్షరాలు తలకిందులుగా కనపడుతుంటాయి. నిన్న వాన పడింది. పెట్టెలోంచి దూకి వచ్చి నా కాళ్ల మధ్య దూరాడు. నాకు భయమూ వేసింది, ముచ్చటా వేసింది. వాన వెలిశాక మళ్లీ పెట్టెలోకి పోయాడు.

నీ గురించి డాక్టరమ్మని అడిగాను. నీ సంగతంతా చెప్పాను, తిట్టుకో. కుక్కకి చెప్పిన పద్ధతే నీకూ అంది. కాబట్టి విను. నీ సూట్‌కేసు ఇవాళే తీసి, మూత తెరిచి, మంచం పక్కన పెట్టు. సర్దకు. ఊరికే ఉండనీ. మూడు వారాలు దాని పక్కనే కూచుని తిను. అది నిన్ను తరిమే పెట్టె కాదు, నీది. ప్రయాణం నాడు తేలిగ్గా తిను. సారా తాగకు, నీ వంతూ వద్దు, ఇంకెవరి వంతూ వద్దు. ఇక్కడ పసుపు గది కిటికీకి ముతక తెర కుట్టించాను, వేస్తే గుహలాగే చీకటి. తియ్యాలనిపించిన రోజున నువ్వే తియ్యి.

ఈ పార్శిల్‌లో నా నీలం స్వెట్టర్ ఉంది. నెలంతా తొడుక్కున్నాను. ఉతకలేదు. సూట్‌కేసులో అడుగున పరుచు.

అక్క


కూబర్ పీడీ
27 మే

అక్కా,

సూట్‌కేసు పన్నెండు రోజులుగా తెరిచే ఉంది. మొదటివారం దాని వంక చూడలేదు. నీ స్వెట్టర్‌కి ఉల్లిపాయలూ యాపిల్ పళ్లూ కలిసిన వాసన ఉంది, అమ్మ వంటింటి వాసన. రెండోవారం పక్కన కూచుని తిన్నాను. మొన్న అందులో రెండు చొక్కాలు పడేశాను, ఎవరూ చెప్పకుండానే.

గుహ తాళాలు లెఫ్టెరిస్‌కి ఇచ్చాను. మళ్లీ రావచ్చు అని చెప్పాను, అలాగే అన్నాడు.

జూన్ నాలుగు, బుధవారం, సాయంత్రం అయిదు. సామాన్ల షెడ్డుకి వెళ్లకు. ఈసారి మనుషుల గుమ్మం దగ్గరే నించో. పాచ్‌ని తీసుకురా. పెట్టెలోంచి రానంటే పెట్టెతో సహా తీసుకురా, ఈల నేను వేస్తాను.

నీ స్వెట్టర్ సూట్‌కేసులో పెట్టలేదు. తొడుక్కునే వస్తున్నాను. చేతులు మోచేతుల దాకానే వస్తున్నాయి. చూసి నవ్వకు, నవ్వితే అక్కణ్ణించే వెనక్కి పోతాను.

నీ జ్వోన్కో